కన్నుకి పెట్టిన గంధం

బహుళ పాడ్యమి

వచ్చేసింది, వచ్చేసింది, మా సువర్చలకి ఇళ్ళ ఇన్‌స్పెక్టరు బిళ్ళ వచ్చేసింది!

పేజీ మొదట్లో గోడల తేమ రాయాలని రూలు. ఇవాళ్టికి ఆ రూలు రెండో లైనుకి జరిగింది. తేమ: తూర్పు గోడ 9, పడమర గోడ 11. తాగే నీళ్ళు ముప్పావు కుండీ. పున్నమి పోటు తగ్గుముఖం పట్టింది. సరే, అయింది.

ఈ ఇంటి పుస్తకం గోడల సంగతి రాయడానికే ఇచ్చారని నాకు తెలుసు. ఏడాదికి రెండుసార్లు ఎవరో ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి దీన్ని చదువుతారనీ, పేజీలకి నంబర్లున్నాయి కాబట్టి చింపకూడదనీ కూడా తెలుసు. చదివే మహానుభావులెవరో గానీ క్షమించాలి. నేను దొమ్మేటి నూకరాజుని, ఐదో తరగతి దాకా చదివాను. ఆ తరవాత తాపీ పట్టుకుని నలభై ఏళ్ళు గోడలు కట్టాను. మట్టి పోసే యంత్రాలు గట్టు మీదికి వచ్చాక తాపీని అటకెక్కించాను. అలాంటి మేస్త్రీ కూతురు ఇవాళ ఊళ్ళో గోడలకి మంచీ చెడూ చెప్పే మనిషయింది! నేను ఆనందంతో తెల్ల కాగితం మీద రాస్తున్నానో గాల్లో రాస్తున్నానో నాకే తెలియడం లేదు.

బిళ్ళ రాగితో చేసింది. దాని మీద సముద్రపు అల, కింద మా పిల్ల పేరు. చేతిలో పెట్టుకుంటే చల్లగా ఉంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఏంటండీ ఆ ఏడుపు? అదేమన్నా అత్తారింటికి ఎల్తందా?" అని మా ఆవిడ కాసులమ్మ కసిరింది. ఆవిడ కూడా కొంగుతో ముక్కు తుడుచుకుంటూనే ఉంది.

రేవుకి పరిగెత్తాను. పడవ నడిపేవాళ్ళందరికీ చెప్పాను. మా చెల్లెలు అప్పాయమ్మకి, బావమరిది గవర్రాజుకి, వదిన మంగతాయికి, చెవుడున్న మా బంగారయ్య బాబాయికి కబుర్లు పంపాను. అందరికంటే ముందు ఎగువ గట్టు మీదున్న మా అన్నయ్య సింహాద్రికి పంపాను. మూడేళ్ళ కిందట పిల్లని ఈ చదువులో చేర్చినప్పుడు ఆయన, "ఆడపిల్లకి గోడల పనేంట్రా? రేపు దాని మాట నమ్మి ఎవడింటి గోడో కూలితే మన ఇంటి పేరు కూలుద్ది" అన్నాడు. అప్పటినుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. ఆయనకి మాత్రం లావు అక్షరాలతో రాశాను.

బహుళ తదియ

తేమ: తూర్పు 9, పడమర 10. నీళ్ళు తోడే మోటారు బాగానే ఆడుతోంది.

బిళ్ళ సర్కారు ఇస్తుంది, కన్ను మాత్రం ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి. కన్ను అంటే గోడలోని చల్లదనాన్ని చూసే డబ్బా. ఉప్పు నీరు ఎక్కిన చోట గోడ చల్లబడుతుంది, డబ్బా అద్దంలో అక్కడ నీలంగా కనపడుతుంది. నీలం లేని ఇంటికి పచ్చ చీటీ కడతారు. ఆ చీటీ ఉన్నవాళ్ళు అమావాస్య పోటు నాడు ఇంట్లోనే ఉండొచ్చు. లేనివాళ్ళు ఊరందరికీ కట్టిన మేడ మీదికి ఎక్కాలి. కాబట్టి చీటీ కట్టడమంటే ఆ ఇంట్లో పడుకునేవాళ్ళ ప్రాణానికి మాటివ్వడం. మా పిల్ల ఈ మాట నాకు పదిసార్లు చెప్పింది.

ఇమామ్ కొట్టుకి ముగ్గురం వెళ్ళాం. ఇమామ్ నన్ను బాబాయ్ అంటాడు. వాళ్ళ నాన్న ఇంటి గోడ నేను కట్టిందే. అతను మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. మొదటిది గోడని తట్టి శబ్దం వినే కర్ర.

"ఇది నా పనేగా చేస్తంది!" అని నేను నవ్వాను.

"గాలేస్తే దీనికేం వినపడదు బాబాయ్. మన గట్టు మీద గాలెయ్యని రోజెప్పుడు?" అని ఇమామ్ దాన్ని పక్కన పెట్టేశాడు.

రెండోది తళతళలాడుతోంది. మీట నొక్కగానే ఆడగొంతుతో నమస్కారం చెప్పింది. నేను మనసు పారేసుకున్నాను. మా పిల్ల మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, "తీసిన బొమ్మలు దీంట్లోనే ఉంటాయా, ఎక్కడికో పంపాలా?" అని అడిగింది. పంపాలట. పోటు రోజుల్లో నెట్టు పోతే పాత బొమ్మ ఒక్కటి కూడా తెరుచుకోదట. తడి వేళ్ళతో నొక్కితే పలకదట. బ్యాటరీ ఊడిరాదట.

మూడోది నల్లగా, మొద్దుగా, రబ్బరు తొడుగుతో ఉంది. ఎండలోనూ అద్దం కనపడుతుంది. బొమ్మలు దాని కడుపులోనే దాస్తుంది. బ్యాటరీ చేత్తో మార్చుకోవచ్చు.

"చూడ్డానికి అందంగా ఉన్నది కాదమ్మా, పాడైతే ఈ ఊళ్ళో నేను విప్పగలిగింది కొనుక్కో" అన్నాడు ఇమామ్.

"ఆ రెండోది ఎంత బాగా మాట్లాడిందయ్యా" అన్నాను నేను, ఇంకా ఆశ చావక.

"మాట్లాడే డబ్బా కావాలంటే ఇంట్లో పిన్ని ఉంది కదా బాబాయ్!"

కాసులమ్మ అతన్ని సంచీతో ఒక్కటేసింది. కొట్టంతా నవ్వులు.

నల్లదే కొన్నాం. ఇమామ్ డబ్బాతోపాటు ఒక నల్ల రేకు ఇచ్చాడు. రోజూ పని మొదలెట్టే ముందు కన్నుకి ఆ రేకు చూపించాలి. దాన్ని చూసి కన్ను తన చూపు సరిచేసుకుంటుంది. "కన్ను మీది బిళ్ళని మాత్రం ముట్టుకోకమ్మా. ఊదొద్దు, తుడవొద్దు. మురికి పట్టిందనిపిస్తే నా దగ్గరికి తే" అని రెండుసార్లు చెప్పాడు. నేనూ విన్నాను.

బహుళ చవితి

తేమ: తూర్పు 9, పడమర 10.

ఇవాళ పిల్ల మొదటిరోజు పనికి వెళ్ళింది! నేను సంచీ మోసుకుంటూ వెనకాలే వెళ్ళాను. ఈ ముసలాడెవరని ఎవరన్నా అడిగితే "ఇన్‌స్పెక్టరు గారి మనిషిని" అన్నాను. ఎంత గర్వంగా ఉందో రాయలేను.

ఒక చిన్న సంగతి. పొద్దున్నే అమ్మాయి స్నానానికి వెళ్ళినప్పుడు కొత్త పనిముట్టుకి బొట్టు పెట్టాను. మా ఇంటి పద్ధతి అది. కొత్త తాపీ వచ్చినా, కొత్త తూకపు గుండు వచ్చినా, గంధం అరగదీసి అందులో ఒక చుక్క కొబ్బరినూనె కలిపి బొట్టు పెట్టాకే పనిలోకి దింపుతాం. నూనె కలిపితే ఇనుముకి తుప్పు పట్టదని మా నాన్న చెప్పేవాడు. డబ్బాలో ఎక్కడ పెట్టాలా అని చూశాను. మధ్యలో నల్లగా, గుండ్రంగా, నుదురులాగా ఒక బిళ్ళ ఉంది. దాని మీద పెట్టి కళ్ళకద్దుకున్నాను.

అది కన్నని తెలియక కాదు. ముట్టుకోవద్దన్నాడని గుర్తులేకా కాదు. దేవుడి బొట్టు ముట్టుకోవడం కిందికి రాదనుకున్నాను.

పిల్ల వస్తున్న అలికిడి వినపడి, చూస్తే కోప్పడుతుందని కండువాతో తుడిచేశాను. శుభ్రంగానే పోయింది. బిళ్ళ ముందుకంటే మెరుస్తోంది. ఇంకేం అనుకున్నాను. పిల్ల నల్ల రేకు చూపించింది, "చూపు సరిగ్గా ఉంది" అని అద్దం మీద అక్షరాలు వచ్చాయి.

బహుళ సప్తమి

తేమ: తూర్పు 9, పడమర 9.

తొమ్మిది ఇళ్ళు అయ్యాయి, తొమ్మిదీ పచ్చ చీటీలే. వీధిలో నన్ను ఆపి మరీ మెచ్చుకుంటున్నారు. "మీ అమ్మాయి చెయ్యి మంచిదండీ, ఈసారి మేడ ఎక్కే బాధ తప్పింది" అంటున్నారు.

ఇవాళ సూరమ్మ గారి ఇల్లు చూసింది. ఆవిడకి ఎనభై దాటాయి, ఒక్కతే ఉంటుంది. నోరు మాత్రం నలుగురికి సరిపోతుంది. నన్ను చూడగానే, "ఏరా నూకరాజూ, కూతురికి కూలిపనికొచ్చేవా?" అంది.

"ఇన్‌స్పెక్టరు గారి మనిషినండీ."

"నీ మొహం. ఇదిగో పిల్లా, ఆ ఎనక గోడ బాగా చూడు. దాన్నే ఆనుకుని చాపేసుకుని పడుకుంటాను. ఎండాకాలంలో కూడా ఎంత చల్లగుంటదో!"

సువర్చల కన్ను పెట్టి చూసింది. నీలం లేదు, అంకె 8 వచ్చింది. చీటీ కట్టింది. నేను ఊరికే గోడ మీద చెయ్యి ఆనించాను. చల్లగానే ఉంది. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుందన్న మాట నా చెవిలో కాసేపు తిరిగింది. కన్ను చూసింది కదా, నీకెందుకురా అని నాకు నేనే చెప్పుకుని సంచీ భుజానికెత్తుకున్నాను.

బహుళ అష్టమి

తేమ: తూర్పు 9, పడమర 9.

పిల్ల ఇవాళ అన్నం ముందు కూర్చుని కలపకుండా ఆలోచిస్తోంది.

"తొమ్మిదిళ్ళకీ 8, 9, 8, 9 వచ్చాయి నాన్నా. పోయిన ఏడాది పుస్తకాల్లో ఆ ఇళ్ళకే 13, 14 ఉన్నాయి. గోడలు వాటంతటవి ఎండిపోవు కదా."

"ఎండలు బాగా కాశాయి కదమ్మా" అన్నాను.

డబ్బా ఆపి మళ్ళీ పెట్టింది. బ్యాటరీ మార్చింది. రేకు చూపించింది. "చూపు సరిగ్గా ఉంది" అంటుంది అది, ఎన్నిసార్లు అడిగినా. చివరికి అమ్మడు ఏం చేసిందంటే, అప్పుడే దించిన అన్నం గిన్నె పక్కన కుండలోని చన్నీళ్ళ గ్లాసు పెట్టి కన్నుతో చూసింది. గిన్నె ఎర్రగా మండాలి, గ్లాసు ముదురు నీలంగా ఉండాలి. రెండూ మసక మసగ్గా, ఒకదానికొకటి చుట్టాల్లాగా కనపడ్డాయి.

"రేకు ఒక్కటే చూపిస్తే ఇది తెలీదు. రేకంతా ఒకే వేడి మీద ఉంటుంది కదా" అంది. "చవితి నాడు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందన్నారు. అదే అయ్యుంటది."

చవితి అన్న మాట వినగానే నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కొక్కేనికి వేలాడుతున్న కండువా వైపు చూశాను. ఒక మూల పచ్చగా మరక ఉంది.

చెప్పాల్సింది. అప్పుడే, అన్నం దగ్గరే చెప్పాల్సింది. "సాఫ్ట్‌వేరే అయ్యుంటదమ్మా" అన్నాను.

బహుళ నవమి

తేమ చూశాను గానీ అంకె మర్చిపోయాను.

ఇమామ్ పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించి చూశాడు, అదే మసక. కన్ను విప్పితే కంపెనీ సీలు పోతుంది. కంపెనీకి పంపితే ఇరవై రోజులు పడుతుంది. మా పిల్ల వెంటనే పెద్ద ఇన్‌స్పెక్టరు వసుంధరాదేవి గారి దగ్గరికి వెళ్ళి తొమ్మిది చీటీలూ వెనక్కి తీసుకుంటానంది. నేను బయట బల్ల మీద కూర్చుని వింటున్నాను.

"పరీక్షలో సరిగ్గా ఉందంటున్నావు, చీటీలు తప్పంటున్నావు. కారణం అన్న గడిలో ఏం రాయమంటావమ్మా? మేడ మీద ఇప్పటికే చోటు చాలక కొట్టుకుంటున్నారు. కారణం తే, పదినిమిషాల్లో సంతకం పెడతాను."

మిగతా ఇన్‌స్పెక్టర్లు ఎవరూ ఖాళీ లేరు. పోటుకి ఆరు రోజులుంది. కారణం బయట బల్ల మీద కూర్చుని ఉంది, కండువా మడతపెట్టుకుని.

పాడు వస్తువు అమ్మాడేమోనని, విచారణ అయ్యేదాకా ఇమామ్ కొట్టు మూయమని కాగితం రాశారు. అతను తలుపులు వేస్తూ నన్ను పక్కకి పిలిచాడు.

"బాబాయ్, నువ్వు రోజూ దాని ఎనకాలే తిరుగుతున్నావు. నిజం చెప్పు, కన్నుని ఎవరన్నా ముట్టుకున్నారా?"

"లేదు" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందా మాట! డెబ్భై ఏళ్ళు వచ్చాయి నాకు. వాళ్ళ నాన్న ఇంటికి పునాది తీసినప్పుడు ఈ ఇమామ్ నా భుజం మీద కూర్చుని కొబ్బరిముక్క తిన్నాడు. అతను తాళం వేసి, దాన్ని ఒకసారి లాగి చూసుకుని వెళ్ళిపోయాడు.

బహుళ ఏకాదశి

తేమ: రాయబుద్ధి కావడం లేదు. తూర్పు 9.

నిన్నంతా ఏదో ఒక సాకు వెతుక్కున్నాను. గంధం పోయిందిగా, తుడిచానుగా, కంటికి ఏమీ కనపడడం లేదుగా అని. ఇవాళ అటక మీది తాపీ తీసుకుని, ఎవరికీ చెప్పకుండా సూరమ్మ గారింటికి వెళ్ళాను.

"మళ్ళీ ఎందుకొచ్చేవురా?"

"ఊరికేనండీ, గోడ ఒకసారి చూద్దామని."

"చూసింది కదా నీ కూతురు. నీకు నమ్మకం లేదా ఏంటి?"

తాపీ పిడితో గోడ తట్టుకుంటూ వచ్చాను. పైన గట్టి మోత. నడుము దగ్గర గట్టి మోత. మోకాలి ఎత్తులో డొల్ల మోగింది, లోపల ఎవరో ఖాళీ చేసి పెట్టినట్టు. కూర్చుని, ఆవిడ చాప జరిపి అడుగంటా తట్టాను. ఆ చివరినుంచి ఈ చివరిదాకా డొల్లే. గోటితో గీకితే పొడి రాలింది. నాలిక మీద వేసుకున్నాను. మా మేస్త్రీలు అందరూ చేసే పనే అది. ఉప్పు. కల్లు ఉప్పంత ఉప్పు.

చాప మళ్ళీ ఎక్కడిదక్కడ సర్దాను.

"ఏమైందిరా, మొహం అలాగైపోయింది? మజ్జిగ తాగుతావా?" అని సూరమ్మ గారు గ్లాసు ఇచ్చింది. "నువ్వేం బెంగెట్టుకోకు. పోయిన పోటుకి మేడెక్కి నడుం పట్టేసింది నాకు. ఈసారి నీ కూతురు చీటీ కట్టింది కదా, హాయిగా ఇక్కడే పడుకుంటాను."

గ్లాసు అలాగే కింద పెట్టి, తాపీ తీసుకుని వచ్చేశాను.

బహుళ ద్వాదశి

తేమ: తూర్పు 9, పడమర 10.

చెప్పేశాను.

పొద్దున పిల్ల చెప్పులు వేసుకుంటుంటే కండువా తీసి తన ముందు పెట్టాను. "చవితి నాడు నువ్వు స్నానానికెళ్ళినప్పుడు కన్నుకి బొట్టు పెట్టానమ్మా. గంధంలో నూనె కలిపాను. దీంతో తుడిచాను. సూరమ్మ గారి ఎనక గోడ మోకాలిదాకా డొల్ల" అన్నాను. ఒక్క ఊపిరిలో అనేశాను, మధ్యలో ఆగితే మళ్ళీ అనలేనని.

నా కూతురు కేకలేస్తుందనుకున్నాను. వేస్తే బాగుండేది. కండువా మరక వైపు చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది, మడిచింది.

"నీకు ఎప్పుడు అర్థమైంది నాన్నా?"

"అష్టమి నాడు."

"ఇవాళ ద్వాదశి" అంది.

డబ్బా తీసుకుని బయల్దేరింది. కాసులమ్మ మాత్రం పొయ్యి దగ్గరనుంచి లేవకుండానే అంది: "నాలుగు రోజులు ఆ పిల్ల ఎదురుగా కూర్చుని అన్నం ఎలా తిన్నావయ్యా?" పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆవిడ నన్ను అండీ లేకుండా పిలవడం అదే మొదటిసారి.

నేనూ వెనకాలే వెళ్ళాను. ఇమామ్ ఇంటి అరుగు మీద అంతా చెప్పాను. అతను నా మొహం చూడకుండా విన్నాడు. తరవాత లోపలినుంచి సీసా, మెత్తటి గుడ్డ తెచ్చి కన్ను మీది బిళ్ళని రెండుసార్లు తుడిచాడు. గుడ్డ వాసన చూశాడు.

"గంధమే. నూనె పొర మన కంటికి కనపడదు, ఈ కన్నుకి మాత్రం దుప్పటి కప్పినట్టే. దాంతోనే రోజూ రేకు చూపించారు. అది ఆ దుప్పటికే అలవాటు పడిపోయింది." గుడ్డ మడిచి, "తాపీకి పెట్టావు, బాగానే ఉంది. తాపీకి కన్ను లేదు కదా బాబాయ్" అన్నాడు.

"తప్పయిపోయింది ఇమామూ. ముట్టుకోలేదని నీతో అబద్ధం చెప్పాను."

"అదీ! బొట్టు పెట్టినందుకు కాదు, అందుకు కోపం నాకు" అన్నాడు. పిల్ల వైపు తిరిగి, "రేకు మళ్ళీ చూపించి, లోపలినుంచి వేడి గిన్నె, చన్నీళ్ళ గ్లాసు తీసుకురామ్మా" అన్నాడు.

గిన్నె ఎర్రగా మండింది. గ్లాసు నీలంగా, సముద్రం అడుగులాగా కనపడింది.

బహుళ చతుర్దశి

తేమ: తూర్పు 10, పడమర 11. నీళ్ళు గట్టు రెండో మెట్టు దాకా వచ్చాయి.

తొమ్మిది ఇళ్ళూ రెండు రోజుల్లో మళ్ళీ చూసింది. ఆరు బాగున్నాయి. మూడింట్లో నీలం వచ్చింది. సూరమ్మ గారి గోడకి అంకె 27! పిల్ల తన చేతులతో పచ్చ చీటీ విప్పుతుంటే సూరమ్మ గారు వీధి అదిరేలా తిట్టింది.

"ఇయ్యడం ఎందుకు, లాక్కోడం ఎందుకు? నా గోడ, నా ఇష్టం! నేను రాను మేడకి!"

"అత్తా, తిట్టడం మేడ మీద కూర్చుని తిట్టు. నేను ఎదురుగా కూర్చుని వింటాను" అన్నాను. ఆవిడ మూటలు, కోళ్ళ బుట్ట, చాప నేనే మోశాను. దారిపొడుగునా నన్నూ నా పూర్వీకుల్నీ ఎవర్నీ వదల్లేదు. ఆ తిట్లు తింటుంటే నాకు కొంచెం హాయిగా కూడా ఉంది.

ఇంకొక సంగతి రాయాలి. కారణం అన్న గడిలో మా పిల్ల ఏం రాసిందో పెద్ద ఇన్‌స్పెక్టరు గారి బల్ల మీద తలకిందులుగా చదివాను. "కన్ను మీద మురికి. నా అజాగ్రత్త." అని ఉంది.

"అదేంటమ్మా, నేను చేసింది కదా!" అని బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను.

"పరికరం నా చేతిలోది నాన్నా. దాని పక్కకి ఎవరొచ్చినా చూసుకోవాల్సింది నేనే" అంది. నాతో ద్వాదశి తరవాత అదే మొదటి మాట.

వసుంధరాదేవి గారు ఇద్దర్నీ చూసి, సంతకం పెట్టి, కాగితం లోపలికి పంపేశారు.

అమావాస్య

పొద్దున తొమ్మిది గంటలకి పోటు వచ్చింది. మేడ మీదినుంచి చూస్తున్నాం. నీళ్ళు నాలుగో మెట్టు దాటి వీధిలోకి వచ్చాయి, గోడల్ని మెల్లగా తడుతున్నాయి.

సూరమ్మ గారు కోళ్ళ బుట్ట ఒళ్ళో పెట్టుకుని తిడుతూనే ఉంది. పదకొండు గంటలప్పుడు ఆవిడ ఇంటి వెనక గోడ కూర్చున్నట్టుగా కిందికి దిగిపోయింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. పైకప్పు ఆ మూలకి వాలి, చాప వేసుకునే చోటు మీద పడింది.

తిట్లు ఆగిపోయాయి. ఆవిడ సువర్చల చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. బుట్టలో చెయ్యి పెట్టి ఒక గుడ్డు తీసి దాని చేతిలో పెట్టింది. "తినవే. మూడు రోజులై నిద్రలేనట్టుంది మొహం" అంది.

నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళలేకపోయాను. మేడ చివర నిలబడి, ఏకాదశి నాడు నేను నోరు మూసుకుని మజ్జిగ గ్లాసు పట్టుకున్న చోటు ఎక్కడుందా అని చూశాను. నీళ్ళే ఉన్నాయి.

శుద్ధ తదియ

తేమ: తూర్పు 12, పడమర 13. పోటు తరవాత మామూలే. మోటారు ఆడుతోంది. తాగే నీళ్ళు సగం కుండీ.

ఇవాళ తీర్పు వచ్చింది. మా సువర్చల బిళ్ళ ఆరు నెలలు ఆఫీసులోనే ఉంటుంది. ఆ ఆరు నెలలూ తను ఇళ్ళు చూడొచ్చు, చీటీ మీద సంతకం మాత్రం ఇంకొకరు పెట్టాలి. తప్పుని పోటుకి ముందే తనంతట తాను బయటపెట్టింది కాబట్టి ఇంతటితో పోయిందన్నారు. ఇమామ్ కొట్టు మొన్ననే తెరిచాడు. కాగితంలో అతని తప్పు లేదని రాశారు.

ఇంకొకటుంది. రాయొచ్చో లేదో తెలియదు గానీ చెయ్యి ఆగడం లేదు. ఇకనుంచి మన గట్టు మీద ఇన్‌స్పెక్టర్లందరూ పొద్దున్నే నల్ల రేకుతో పాటు వేడి గిన్నె, చల్ల గ్లాసు కూడా కన్నుకి చూపించాలని వసుంధరాదేవి గారు ఆర్డరు వేశారు! మా వంటింట్లో మా అమ్మడు కనిపెట్టిన పరీక్ష! ఆర్డరులో దాని పేరు రాశారు! కాసులమ్మ ఆ గిన్నెని రెండుసార్లు తోమింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది, లేవబోయి కూర్చున్నాను. నా వల్ల కదా అది కనిపెట్టాల్సి వచ్చిందీ, నా వల్ల కదా ఆ బిళ్ళ డ్రాయరులో పడుందీ.

సాయంత్రం పిల్ల నా పక్కన అరుగు మీద కూర్చుంది. కండువా ఉతికి తెచ్చింది. మరక పోలేదు.

"రేపు నాతో వస్తావా నాన్నా? గాలి లేని చోట కన్నుతో పాటు నువ్వు తాపీతో కూడా తట్టు. రెండూ ఒకటే చెప్తే రాస్తాను."

"నేనా? నన్ను మళ్ళీ రానిస్తావా?"

"వస్తే రా. డబ్బాకి మాత్రం రెండు గజాల దూరంలో ఉండాలి. గంధం గిన్నె ఇంట్లో పెట్టి రావాలి" అంది. నవ్వలేదు గానీ నవ్వబోయింది.

ఎల్లుండినుంచి వస్తానన్నాను. రేపు వేరే పనుంది.

ఈ పుస్తకం చదవబోయే ఇన్‌స్పెక్టరు గారికి మనవి. ఆఫీసు కాగితంలో "నా అజాగ్రత్త" అని మా పిల్ల రాసింది నిజం కాదు. ముట్టుకున్నది నేను. తెలిసీ నాలుగు రోజులు దాచింది నేను. అడిగితే లేదన్నది నేను. ఈ పేజీకి నంబరుంది, చింపడం కుదరదు. అందుకే ఇక్కడ రాశాను.

పాడ్యమి నాడు గంతులేస్తూ ఎవరెవరికి చెప్పానో వాళ్ళందరికీ మళ్ళీ చెప్పాలి. బిళ్ళ ఆగిందనీ, ఎవరి వల్ల ఆగిందో, పిల్ల పేరు ఆర్డరులో పడిందనీ మూడూ చెప్పాలి. ఒకటి చెప్పి ఒకటి మింగకూడదు.

చెల్లెలు అప్పాయమ్మ, దిగువ రేవు. ఏడుస్తుంది. పిల్లకి దిష్టి తగిలిందంటుంది. దిష్టి కాదు, నేనేనని చెప్పాలి.

బావమరిది గవర్రాజు. నవ్వుతాడు. ఊరంతా చెప్పుకుని మరీ నవ్వుతాడు. నవ్వనివ్వాలి.

వదిన మంగతాయి, అంటే కాసులమ్మ అక్క. ఆవిడకి కాసులమ్మే చెప్తానంది. నేను పక్కనుండాలంది.

బంగారయ్య బాబాయి. చెవుడు కాబట్టి రేవులో నిలబడి గట్టిగా అరిచి చెప్పాలి. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా వింటారు. వినాలి.

సూరమ్మ గారు. చుట్టం కాదు, ఇప్పుడు గోడ లేచేదాకా మా ఇంట్లోనే ఉంటోంది కాబట్టి చుట్టమే. ఆవిడకి ఇంకా గంధం సంగతి తెలియదు. ఇవాళ అన్నాలప్పుడు చెప్పాలి, చీపురు దూరంగా పెట్టి.

అన్నయ్య సింహాద్రి, ఎగువ గట్టు. ఈపాటికి ఎవరో ఒకరు గోడ కూలిన సంగతి చేరవేసే ఉంటారు. ఆడపిల్ల వల్లే కూలిందని అనుకుంటూ ఉంటాడు. ఈయనకి లావు అక్షరాల ఉత్తరం కుదరదు. రేపు మొదటి పడవకి నేనే వెళ్ళాలి. గుమ్మంలో నిలబడే చెప్పాలి. కూర్చోమన్నా, మంచినీళ్ళు ఇచ్చినా, చెప్పాకే తీసుకోవాలి.